సెలవులొస్తే మనసు ఎందుకు బరువెక్కుతుంది? కౌన్సెలింగ్‌తో ఏం చేయొచ్చు?

1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు మనిషికి ఒత్తిడి తెచ్చే 43 సంఘటనలకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి చనిపోతే 100. సెలవు యాత్రకు 13, క్రిస్మస్‌కు 12. సంతోషంగా గడపాల్సిన రోజులు ఆ జాబితాలో ఎందుకున్నాయని చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ అక్కడ చూసేది మొత్తం కూడితే ఎంతయిందన్నది. ఏడాదంతా ఉద్యోగం, అప్పు, అనారోగ్యం అంటూ మోస్తూ వచ్చిన మనిషికి ఆ చివరి 12 మార్కులే మోయలేనివవుతాయి. అందుకే కింద చెప్పిన సమస్యల్లో చాలావాటికి కారణం సెలవుల్లో ఉండదు, అంతకు ముందే ఉంటుంది.

సమస్య: సెలవులు దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టదు, తలనొప్పి, అయినదానికీ కానిదానికీ చిరాకు.

చేయాల్సిన పనులు ఎక్కువై అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం, అన్నీ నేనే చూసుకోవాలి, ఒక్కటి తగ్గినా నన్నే అంటారు అన్న నమ్మకం. మనోవైద్యుడు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీ (మన ఆలోచనలు ఎంతవరకు నిజమో పరీక్షించి చూసుకునే మాటల చికిత్స) పట్టుకునేది ఇలాంటి నమ్మకాలనే. కౌన్సెలర్ మీతో వాదించరు. "ఈ పని ఆగిపోతే ఏమవుతుందనుకుంటున్నారు?" అని అడిగి, మీ జవాబును రాయిస్తారు. తర్వాత ఒక చిన్న పనిని ఇంకొకరికి అప్పగించి, నిజంగా ఏం జరిగిందో వచ్చి చెప్పమంటారు. అనుకున్నంత ఘోరం సాధారణంగా జరగదు. అది ఒకరు చెప్తే నమ్మం, చేసి చూస్తేనే నమ్ముతాం.

సమస్య: అందరూ కలిస్తే రెండో రోజుకల్లా గొడవ.

బయట పదిమందిని నడిపించే మనిషి కూడా పుట్టింటి గడప దాటగానే పద్నాలుగేళ్ల పిల్ల అయిపోతుంది. అన్న పాత మాటే అంటాడు, చెల్లి పాత జవాబే ఇస్తుంది. ఇద్దరి మధ్య బిగుసుకున్నప్పుడు మూడో మనిషిని మధ్యకు లాగడం ఇంకో అలవాటు. "మీ నాన్నకు నువ్వే చెప్పు" అని అమ్మ అంటే, ఆ పంచాయితీ మీ నెత్తిన పడినట్టే. కుటుంబాలతో పనిచేసిన మనోవైద్యుడు ముర్రే బోవెన్ దీన్ని త్రికోణం అన్నారు.

ఇక్కడ కౌన్సెలింగ్ బాగా పనికొస్తుంది, ఎందుకంటే ముందే రిహార్సల్ చేసుకోవచ్చు. కౌన్సెలర్ మీ అన్నగా మాట్లాడతారు, మీరు జవాబు చెప్పాలి. మొదటిసారి మీకు నవ్వొస్తుంది, రెండోసారి గొంతు పూడుకుపోతుంది. "అది మీరిద్దరూ మాట్లాడుకోండమ్మా, నేను మధ్యలోకి రాను" అన్న ఒక్క వాక్యం నోటికి అలవాటు కావడానికి రెండు సెషన్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎన్ని రోజులు ఉంటారో కూడా వెళ్లకముందే చెప్పేయండి. గొడవయ్యాక బ్యాగు సర్దుకుంటే అది అలిగినట్టవుతుంది.

సమస్య: పోయినవాళ్లు గుర్తొచ్చి, నలుగురిలో ఉన్నా ఒంటరిగా ఉంది.

దీన్ని "సరిచేయడం" అంటూ ఉండదు. ఇంట్లో వాళ్లు మీరు బాధపడతారని ఆ పేరు ఎత్తరు, వాళ్లు బాధపడతారని మీరూ ఎత్తరు. ఆ మౌనమే ఎక్కువ నొప్పి. మర్చిపోవడమే కోలుకోవడం అన్న పాత ఆలోచనను ఇప్పటి కౌన్సెలర్లలో చాలామంది పక్కన పెట్టారు. ఆ మనిషితో బంధం వేరే రూపంలో కొనసాగవచ్చనే చెప్తారు. పోయినవారి గురించి కాసేపు మాట్లాడుకునే సమయాన్ని ముందే అనుకుని పెట్టుకోవడం, ఏడుపొస్తే లేచి వెళ్లగలిగే చోటు చూసుకోవడం లాంటివి సెషన్‌లోనే నిర్ణయించుకోవచ్చు. మొదటి ఏడాది వేడుకలకు వెళ్లకపోయినా తప్పేం లేదని నా అభిప్రాయం.

సమస్య: సెలవులు అయిపోయాక అంతా ఖాళీగా ఉంది.

రెండు మూడు రోజులైతే అలసటే, పాత దినచర్యలో పడితే సర్దుకుంటుంది. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం దాదాపు రోజూ ఉంటూ రెండు వారాలు దాటితే డిప్రెషన్ కావచ్చు, చూపించుకోవాలి. మందులు అవసరమైతే సైకియాట్రిస్ట్ రాస్తారు. మందు, మాట రెండూ కలిపి నడవొచ్చు. టెన్షన్ తగ్గుతుందని మద్యం మొదలుపెట్టి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి. అది నిద్రను పాడుచేసి దిగులును పెంచుతుంది.

అపాయింట్‌మెంట్ ఎప్పుడు?

సెలవులకు కనీసం మూడు నాలుగు వారాల ముందు. సెషన్ సాధారణంగా 50 నిమిషాలు, మొదటిది మీ సంగతులు చెప్పుకోవడానికే సరిపోతుంది. చెప్పినవి సాధారణంగా బయటికి పోవు, ప్రాణాపాయం ఉందనిపించడం లాంటి సందర్భాల్లో తప్ప. ఈ నియమాన్ని మొదటిరోజే అడిగి తెలుసుకోండి. రెండు మూడు సెషన్ల తర్వాత కూడా ఆ మనిషితో మనసు విప్పలేకపోతే, మొహమాటపడకుండా వేరే కౌన్సెలర్‌ను చూసుకోండి.

ఇంకొకటి, కౌన్సెలర్లకూ సెలవులుంటాయి. ఆ రోజుల్లో అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో చివరి సెషన్‌లో అడిగి, నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. వెంటనే హెల్ప్‌లైన్‌కో ఎమర్జెన్సీకో ఫోన్ చేయండి, పక్కన ఎవరున్నా వాళ్లను లేపి విషయం చెప్పండి.