తుపాన్ల నెలల్లో పాత కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు: కొనేముందు, బిగించేముందు

దసరా ఆఫర్లూ తుపాన్లూ మన ఉత్తరాంధ్ర తీరానికి ఒకే నెలలో వస్తాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న. సిరిమానోత్సవం హడావుడిలో ఆన్‌లైన్‌లో బుక్ చేసిన కార్డు ఇంటికి చేరేసరికి ఇక్కడ కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. ఏళ్లు నిండిన ఎస్‌ఎంపీఎస్‌కి (కంప్యూటర్ భాగాలకి కరెంటు మార్చి ఇచ్చే పెట్టెకి) కొత్త కార్డు లోడు, నిలకడలేని కరెంటు రెండూ తోడైతే మదర్‌బోర్డే పోవచ్చు. అందుకే ఇక్కడ కార్డుల పేర్లు తర్వాత వస్తాయి. ముందు స్క్రూడ్రైవర్ తీసుకుని క్యాబినెట్ పక్క డోరు విప్పండి.

అసలు లోపం కార్డుదేనా?

ఆట నత్తనడక నడుస్తోందంటే తప్పు ప్రతిసారీ గ్రాఫిక్స్ కార్డుది కాదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితంగా దొరుకుతుంది. అది వేసుకుని, మీరు రోజూ ఆడే ఆటను అరగంట ఆడుతూ ప్రాసెసర్ వాడకం, కార్డు వాడకం రెండూ తెర మీద కనిపించేలా పెట్టండి. కార్డు 95 శాతం పైన ఉంటే కార్డు మార్చితే లాభం. కార్డు 50, 60 దగ్గర తిరుగుతూ ప్రాసెసర్ 100ని పట్టుకుని ఉంటే ఎంత పెద్ద కార్డు పెట్టినా ఫ్రేములు పెరగవు. ర్యామ్ ఒకే ముక్క ఉంటే రెండోది వేయండి. పాత డీడీఆర్3 ముక్క చవకగానే దొరుకుతుంది, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకో మాట. ఇంటెల్ రెండో, మూడో తరం ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమితి ఉండదు. కోర్ ఐ3, ఐ5, ఐ7లలో అది నాలుగో తరం నుంచే వచ్చింది. కొత్త ఆటలు కొన్ని అది లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. మీరు కార్డు కొనేది ఒక ఫలానా కొత్త ఆట కోసమే అయితే, దానికి కావలసిన ప్రాసెసర్ ఏదో ముందు చూడండి.

ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి

డబ్బు పోయేదీ, బోర్డు పోయేదీ ఎక్కువగా ఇక్కడే. అసెంబుల్ చేసిన పాత సిస్టమ్‌లలో క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో 450 అని ఉంటుంది. షాపులో అడిగితే “ఫోర్ ఫిఫ్టీ వాట్సే బాబూ, ఏ కార్డైనా లాగేస్తాది” అంటారు. ఆ అంకెను వదిలేయండి. స్టిక్కర్ మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో ప్లస్ 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. ప్రాసెసర్, కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల లైనునే.

అక్కడ 14 ఆంపియర్లు అని ఉందనుకోండి. 12ని 14తో గుణిస్తే 168 వాట్లు. పాత ఐ5 ప్రాసెసర్ ఒక్కటే 65 నుంచి 84 వాట్ల తరగతిది. ఫ్యాన్లు, హార్డ్‌డిస్క్, బోర్డుకి ఇంకో 30, 40 తీసేస్తే కార్డుకి మిగిలేది 50 వాట్ల చిల్లర. అదీ కొత్తలో మాట. లోపలి కెపాసిటర్లు ఏళ్ల తరబడి మన ఉక్కపోతలో ఎండిపోయాక అంత కూడా రాదు. 75 వాట్ల కార్డు పెట్టాలన్నా 12 వోల్టుల మీద కనీసం 20 ఆంపియర్లు రాసి ఉండాలి. 130 వాట్ల కార్డుకి 30 ఆంపియర్లు, కార్డు కోసం వేరుగా వచ్చే 8 పిన్‌ల తీగ ఉండాలి. లేకపోతే కార్డు బడ్జెట్‌లోంచి కొంత తీసి మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ కొనండి. ఆ ఖర్చు వృథా కాదు. రేపు సిస్టమ్ మొత్తం మార్చినా అది పనికొస్తుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు డబ్బా మీద ఇన్‌పుట్ వోల్టేజి చూడటం మన జిల్లాల వాళ్లకి చాలా ముఖ్యం. కొన్నింటి మీద 200 నుంచి 240 వోల్టులని, కొన్నింటి మీద 100 నుంచి 240 అని ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా, లైను చివర ఉన్న ఊళ్లలో వేసవి సాయంత్రాలు మోటార్లు, ఏసీలు ఆన్ అయ్యాక వోల్టేజి 180కి దిగడం మామూలే. 200 నుంచి పనిచేసేది ఆ వేళకి ఆట మధ్యలో ఆగిపోవచ్చు, కార్డు పాడైందని మీరు అనుకుంటారు. 100 నుంచి పనిచేసేదే తీసుకోండి.

ఇప్పుడున్న ఎస్‌ఎంపీఎస్‌నే ఉంచుకోవాలనుకుంటే, బోర్డుకి వెళ్లే 24 పిన్‌ల ప్లగ్గును ఒకసారి ఊడదీసి చూడండి. అందులో పసుపు తీగలు రెండు పక్కపక్కనే ఉంటాయి. వాటి దగ్గర తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగినా, పిన్ను నల్లబడినా ఆ ఎస్‌ఎంపీఎస్ మీద కార్డు పెట్టకండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి విడి తీగ లేని కార్డు తన కరెంటంతా బోర్డు మీద తాను దిగే స్లాటు నుంచే లాగుతుంది. స్లాటు మొత్తం మీద ఇచ్చేది 75 వాట్లు, అందులో 12 వోల్టుల వాటా 66 వాట్లు. అది వచ్చేది ఆ రెండు పసుపు తీగల గుండానే.

సాటా ప్లగ్గు (హార్డ్‌డిస్క్‌కి కరెంటిచ్చేది) నుంచి కార్డు 6 పిన్‌కి మార్చే చిన్న తీగను ఎవరిచ్చినా తీసుకోవద్దు. సాటా ప్లగ్గు 12 వోల్టుల మీద భరించేది 54 వాట్లు, 6 పిన్ అడగగలిగేది 75. ముందు ప్లాస్టిక్ కరుగుతుంది, తర్వాత వాసన వస్తుంది.

ఆఫీసుల నుంచి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ లాంటివి వాడేవాళ్లకి వేరే చిక్కు. సన్నరకం మోడళ్లలో 240 వాట్ల దరిదాపు ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది. దాని ఆకారం, చాలా మోడళ్లలో ప్లగ్గులు కూడా ఆ కంపెనీవే, బజారులో దొరికేది అందులో పట్టదు. వీటికి విడి తీగ లేని, పొట్టి రకం (లో ప్రొఫైల్) కార్డు ఒక్కటే దారి. కార్డుని క్యాబినెట్ వెనక బిగించే పొట్టి పట్టీ డబ్బాలో ఉందో లేదో అడిగి మరీ కొనండి.

కొలతలు, బయాస్, తెర తీగ

వెనక పట్టీ నుంచి ముందున్న హార్డ్‌డిస్క్ గూడు దాకా టేపుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. రెండు ఫ్యాన్ల కార్డులు సాధారణంగా 200 నుంచి 240 మిల్లీమీటర్లు ఉంటాయి. మందం రెండు స్లాట్లు, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు.

హెచ్61 చిప్‌సెట్ లాంటి పాత బోర్డుల మీద కొత్త కార్డు పెడితే ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోవడం తరచూ వినే ఫిర్యాదు. బోర్డు కంపెనీ సైట్‌లో ఉన్న చివరి బయాస్‌ని (బోర్డుని మేల్కొలిపే సాఫ్ట్‌వేర్‌ని) కార్డు కొనకముందే, పాత డిస్‌ప్లే పనిచేస్తుండగానే వేయండి. బయాస్ రాస్తుండగా కరెంటు పోతే బోర్డు చచ్చినట్టే, కాబట్టి యూపీఎస్ లేకుండా, మబ్బు పట్టిన రోజున ఆ పని పెట్టుకోవద్దు.

ఇప్పటి కార్డులకి వీజీఏ రంధ్రం ఉండదు. పాత మానిటర్‌కి అదొక్కటే ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. బిగించాక మానిటర్ తీగను బోర్డుకి కాకుండా కార్డుకి పెట్టాలి. ఇది మరిచిపోయి కార్డు వెనక్కి పంపేసేవాళ్లున్నారు.

ఏ కార్డు?

ఎస్‌ఎంపీఎస్ మార్చకుండా అయితే ఆర్టీఎక్స్ 3050లో 6 జీబీ రకం మొదటి ఎంపిక. 2024లో వచ్చింది, 70 వాట్లు, విడి తీగ అక్కర్లేదు. అదే పేరుతో ఉన్న 8 జీబీ రకం 130 వాట్లది. పేరు చూసి బుక్ చేయకండి. జీటీఎక్స్ 1650 కూడా 75 వాట్లదే, ఇప్పటికీ పరవాలేదు. కానీ కొన్ని మోడళ్లకి 6 పిన్ ఉంటుంది. ఫొటోలో కార్డు పై అంచు చూసి నిర్ధారించుకోండి.

ఎస్‌ఎంపీఎస్ మార్చి, నాలుగో తరం ఐ7 లేదా అంతకంటే కొత్త ప్రాసెసర్ ఉంటే ఆర్ఎక్స్ 6600 తీసుకోవచ్చు. 8 జీబీ, 132 వాట్లు. పెట్టిన డబ్బుకి ఇంత పని చేసే కార్డులు తక్కువ.

ఆర్ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ ధర చూసి ఆశపడతారు. బోర్డుతో డేటా నడిచే దారుల్ని లేన్లంటారు, అవి నాలుగు లేన్ల మీదే నడుస్తాయి. కొత్త బోర్డు మీద ఫరవాలేదు గానీ పాత పీసీఐఈ 3.0 తరం స్లాటున్న బోర్డు మీద దారి సగమైపోతుంది, 2.0 మీద అందులోనూ సగం. మెమరీ 4 జీబీయే కావడంతో అది నిండగానే ఆట తడబడుతుంది. వీడియో ఎన్‌కోడర్ కూడా లేదు, ఆట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకి అసలు పనికిరావు. ఇంటెల్ ఆర్క్ కార్డులకి బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి చూసే వీలు) ఉండాలి. అది లేని పాత బోర్డుల మీద వాటి వేగం బాగా పడిపోతుంది. జీటీ 710, జీటీ 730ల మీద 4 జీబీ అని ఎంత పెద్దగా రాసినా ఆటలకి కొనవద్దు. జీటీఎక్స్ 1050 టీఐకి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి. ఊరికే ఇస్తే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ అయితే

2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ కోసం కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక రాత్రింబగళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా బజారులోకి వచ్చాయి. ఆర్ఎక్స్ 570, 580లలో అలాంటివి చాలా. మైనింగ్‌లో నడిచిందన్నంత మాత్రాన చెడిపోయిందని కాదు. చూసి తీసుకోవాలి.

చేతిలోకి తీసుకుని ఫ్యాన్ రెక్కను వేలితో మెల్లగా అటూ ఇటూ కదపండి. ఊగితే బేరింగ్ పోయింది. వెనకవైపు చిప్ ఉన్న చోట బోర్డు రంగు చుట్టుపక్కల కంటే ముదురుగా ఉంటే, జిగురులాంటి ఫ్లక్స్ మరక కనిపిస్తే హీట్‌గన్‌తో వేడిచేసి బతికించిన కార్డది, వదిలేయండి. స్లాటులోకి దిగే బంగారు రంగు పళ్లను వెలుతురులో చూడండి. కళింగపట్నం, బారువ, కోనాడ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో వాడినవాటికి పచ్చటి తుప్పు చుక్కలుంటాయి. పైపై మసక అయితే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది. పూత లేచిపోయి గుంట కనిపిస్తే తీసుకోవద్దు.

తర్వాత కార్డు వివరాలు చూపించే జీపీయూ-జడ్ ప్రోగ్రామ్ తెరవండి. 1050 టీఐకి 768 షేడర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 1650కి 896, ఆర్ఎక్స్ 580కి 2304 చూపించాలి. 580 అని చెప్పి 2048 చూపిస్తే అది తక్కువ రకం, ధర తగ్గించాలి. పాత చిప్‌కి కొత్త పేరు రాసిన దొంగ కార్డుల్లో చాలావాటిని ఆ ప్రోగ్రామే నకిలీ అని పట్టిస్తుంది. బస్ ఇంటర్‌ఫేస్ గడి పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ టెస్ట్ నడపండి. 16 లేన్ల కార్డు 16 లేన్ల స్లాటులో ఉండి కూడా 8 లేదా 4 మీద నడుస్తుంటే పళ్లు సరిగా తగలడం లేదు, లేదా పాడయ్యాయి. ఆ తర్వాత కార్డుని పూర్తి లోడు మీద పరీక్షించే ఫర్‌మార్క్ 15 నిమిషాలు. చుక్కలు, గీతలు, రంగుల గళ్లు వస్తే మెమరీ పోతున్నట్టు. వేడి 85 డిగ్రీలు దాటుతూ పోతే చిప్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయింది, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి. పీ106 అనే కార్డుకి మానిటర్ పెట్టే రంధ్రాలే ఉండవు. చవక అని కొని ఇబ్బంది పడకండి.

బిగించే రోజు

వానలో వచ్చిన పార్శిల్ అయితే డబ్బా తెరిచి, పొడిగా ఉన్న గదిలో కొన్ని గంటలు వదిలేయండి. పాత డ్రైవర్‌ని డీడీయూ (డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్) అనే ప్రోగ్రామ్‌తో సేఫ్ మోడ్‌లో తీసేయండి. ప్లగ్గు గోడ నుంచి లాగేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన ఛార్జి పోతుంది. రైస్‌మిల్లు, జూట్‌మిల్లు దగ్గర ఇళ్లయితే ముందు స్లాటులోని నూగును మెత్తటి బ్రష్‌తో దులపండి. కార్డును రెండు చివరలా సమానంగా నొక్కితే లాక్ టిక్కుమంటుంది. స్క్రూ తప్పకుండా వేయండి.

ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్, కార్డుకి వెళ్లే 8 పిన్ చూడటానికి ఒకటే. వాటిలో 12 వోల్టుల వైపు, గ్రౌండు వైపు తారుమారుగా ఉంటాయి. కార్డుది 6 ప్లస్ 2గా విడిపోతుంది, ప్రాసెసర్‌ది 4 ప్లస్ 4గా. బలవంతంగా దూర్చారంటే కార్డు గానీ ఎస్‌ఎంపీఎస్ గానీ పోతుంది.

క్యాబినెట్‌ని ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడమనండి. రెండు మూడు వోల్టులలోపు ఉంటే సరే, ఇంకా ఎక్కువ ఉంటే ముందు అది బాగుచేయించండి.

గాలీవానా మొదలయ్యాక

600 వీఏ యూపీఎస్ అంటే సుమారు 360 వాట్లు. 75 వాట్ల కార్డుకి చాలు. ఆర్ఎక్స్ 6600కి, అందులోనూ బ్యాటరీ రెండు మూడేళ్లు దాటితే, ఆట మధ్యలో కరెంటు పోగానే యూపీఎస్ కూడా ఆగిపోవచ్చు. 1000 వీఏది పెట్టుకోండి, లేదా బ్యాటరీ మార్చండి.

ఉరుములు వినిపిస్తే స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గు, ఇంటర్నెట్ తీగ, మానిటర్ ప్లగ్గు అన్నీ లాగేయండి. క్యాబినెట్‌ని నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి. తుపాను వెళ్లాక లైను కలిపిన మొదటి గంటల్లో వోల్టేజి ఎగిరి పడుతుంటుంది. ఫ్యాను, బల్బు సాయంత్రం దాకా నిలకడగా ఉన్నాకే ప్లగ్గు పెట్టండి. కరెంటు లేని రోజుల్లో అద్దెకు తెచ్చే చిన్న పెట్రోల్ జనరేటర్ మీద సెల్‌ఫోన్లు ఛార్జి పెట్టుకోండి గానీ ఈ సిస్టమ్ వద్దు.

బిల్లు, డబ్బా, కార్డు మీది సీరియల్ నంబరు ఫొటో దాచుకోండి. వారంటీకి విశాఖకో, ఇంకా దూరమో పంపాల్సి వస్తే స్పాంజి మధ్య, యాంటీస్టాటిక్ కవర్‌లో పెట్టి, వాన తగలకుండా ప్లాస్టిక్ చుట్టి ఆర్టీసీ కార్గోలోనో కొరియర్‌లోనో వేయండి. ఆన్‌లైన్‌లో కొన్నది వెనక్కిచ్చే గడువు పార్శిల్ అందిన రోజు నుంచి లెక్క. తుపాను వల్ల బిగించడం ఆలస్యమైతే గడువు తీరకముందే కస్టమర్ కేర్‌కి రాసి, జవాబు చేతిలో ఉంచుకోండి.