వాయించాక డ్రమ్ము తోలును వదులు చేయాలా?

చేతితో వాయించే డ్రమ్ములన్నిటికీ ఒకే నియమం వర్తించదు. ముందుగా చూడవలసింది మీ డ్రమ్ముకు బిగించినది తోలా, ప్లాస్టిక్కా అన్నది. ప్లాస్టిక్ గాలిలోని తేమకు పెద్దగా స్పందించదు కనుక దానిని శ్రుతిలోనే ఉంచేయవచ్చు.

నట్లతో బిగించే కాంగా, బోంగో వంటి చేతి డ్రమ్ముల తోలు మాత్రం తేమ తగిలితే సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. తేమగా ఉన్న రాత్రి హెచ్చు శ్రుతికి బిగించి, అలాగే వదిలేసిన డ్రమ్మును మర్నాడు ఎండలో నిలిపిన కారులో ఉంచితే, తోలు మరింత బిగుసుకుని అంచు దగ్గర చిరగవచ్చు, లేదా ఆ లాగుడంతా చెక్క మీద పడి అతుకులు విచ్చుకోవచ్చు.

అందుకే ఇలాంటి వాటిని వాయించాక వదులు చేయడం మంచిది. వదులు చేసేటప్పుడు పానాతో ఒక్కొక్క నట్టును పావు చుట్టు మాత్రమే తిప్పుతూ, వరుసగా అన్నిటినీ చుట్టి రావాలి. ఒకే నట్టును పూర్తిగా వదిలితే తోలును పట్టి ఉంచే ఇనుప వలయం ఒరిగి, తోలు ఒక పక్కకు లాగినట్లవుతుంది. మొదలుపెట్టిన నట్టు దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, చుట్లు లెక్కపెట్టుకుంటే మళ్లీ అన్నే బిగించి శ్రుతి దరిదాపులకు రావచ్చు (చివరి సవరణ ఎలాగూ చెవిదే). నాదం బాగా దిగితే చాలు; ముడతలు పడేంత వదలకూడదు.

తాళ్లతో బిగించే జెంబే అనే డ్రమ్ముకు ప్రతిసారీ ముడులు విప్పడం నా దృష్టిలో వృథా శ్రమ. దానిని సంచిలో పెట్టి, వేడికి దూరంగా ఉంచితే సరిపోతుంది.