చలిదేశంలో కారు హీటర్ వేడి ఇవ్వకపోతే: లోపం ఎక్కడుందో వరుసగా కనిపెట్టే పద్ధతి

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత కారు కొనేవాళ్ళు ఏసీ ఎంత చల్లగా వస్తోందో తప్పకుండా చూస్తారు గానీ, హీటర్ పనిచేస్తోందా అని అడిగేవాళ్ళు అరుదు. అదే అలవాటుతో మిన్నెసోటాకో మిషిగన్‌కో, కెనడాలోని విన్నిపెగ్‌కో ఎడ్మంటన్‌కో చదువు కోసం, ఉద్యోగం కోసం వచ్చి, ఆగస్టులో పాత కారు కొనుక్కున్నవారికి దాని హీటర్ సంగతి డిసెంబరు దాకా తెలియదు. ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగిన ఉదయాన, మన ఊపిరి ఆవిరే అద్దం లోపలి వైపు మంచుపొరగా పేరుకుని దారి కనిపించనప్పుడు, హీటర్ లేని కారును రోడ్డెక్కించడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. కారులోకి వచ్చే వేడిగాలికి, ఇంజన్‌ను చల్లబరిచే ఏర్పాటుకు ఆధారం ఒకటే ద్రవం. అందుకే హీటర్ చల్లబడడం చాలాసార్లు ఇంజన్ కూలింగ్‌లో మొదలైన లోపానికి తొలి సూచన. దాన్ని పట్టించుకోకుండా స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని చలికాలమంతా నెట్టుకొస్తే చివరికి ఇంజన్‌కే ముప్పు రావచ్చు.

పరీక్షలు అర్థం కావాలంటే కూలెంట్ అనే ఆ ద్రవం నడిచే దారి తెలియాలి. ఇంజన్‌లో పుట్టే వేడిని కూలెంట్ గ్రహిస్తుంది. వాటర్ పంప్ దాన్ని ఇంజన్ లోపలా బయటా తిప్పుతూ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ థర్మోస్టాట్ అనే వాల్వ్ మూసుకుని రేడియేటర్ వైపు దారిని అడ్డుకుంటుంది. దాని లోపల ఉండే మైనం కరిగి వ్యాకోచించాక, అంటే ఎక్కువ కార్లలో 82 నుంచి 95 డిగ్రీల మధ్య, అది తెరుచుకుంటుంది. హీటర్‌కు వెళ్ళే దారి మాత్రం చాలా కార్లలో థర్మోస్టాట్‌తో పనిలేకుండా మొదటి నుంచీ తెరిచే ఉంటుంది. రెండు రబ్బరు గొట్టాలు ఇంజన్ వెనక గోడను దాటి డ్యాష్‌బోర్డు లోపలికి వెళ్ళి, అక్కడ హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌కు కలుస్తాయి. బ్లోవర్ తోసే గాలి ఆ కోర్ గుండా వస్తూ వేడెక్కుతుంది. ఎంత గాలి కోర్ గుండా రావాలో, ఎంత పక్కనుంచి పోవాలో నిర్ణయించే చిన్న తలుపును బ్లెండ్ డోర్ అంటారు. కాబట్టి హీటర్ వేడి ఇవ్వడం లేదంటే ఇంజన్ తగినంత వేడెక్కకపోవాలి, లేదా వేడెక్కిన కూలెంట్ కోర్‌ను చేరకపోవాలి, లేదా కోర్ వేడిగానే ఉన్నా గాలి దాని గుండా రాకపోవాలి. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా విడిభాగాలు కొనడం డబ్బు వృథా చేసుకోవడమే.

ముందు కూలెంట్ మట్టం, ఆ తర్వాతే మిగతావి

రాత్రంతా నిలిపి ఉంచిన కారును, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండగా, చదునైన చోట చూడాలి. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత ఎన్నడూ తీయకూడదు. ఆ మూత సుమారు ఒక బార్ ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. ఆవిరి పోకముందే ప్రెషర్ కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. పైకి చిమ్మేది వంద డిగ్రీలు దాటిన ద్రవం. బయట ఎంత చలిగా ఉన్నా ఈ ప్రమాదం తగ్గదు.

కూలెంట్ ట్యాంకు మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలుంటాయి. కొన్ని కార్లలో ఒత్తిడి పట్టేది ఆ ట్యాంకే కాబట్టి గీతల మధ్య ఉంటే చాలు. మరికొన్నిటిలో అది పొంగిన కూలెంట్ చేరే ప్లాస్టిక్ డబ్బా మాత్రమే. మూత రబ్బరు పాడైతే, రేడియేటర్ సగం ఖాళీ అయినా డబ్బా నిండుగానే కనిపిస్తుంది. అందువల్ల రేడియేటర్‌కు వేరే మూత ఉంటే దాన్ని కూడా తీసి, ద్రవం అంచుదాకా ఉందో లేదో కళ్ళారా చూడాలి. హీటర్ కోర్ చాలా కార్లలో ఎత్తులో ఉంటుంది కనుక, కూలెంట్ తగ్గగానే గాలి చేరేది అక్కడే. ఉష్ణోగ్రత ముల్లు మామూలుగానే ఉన్నా హీటర్ చల్లబడడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చల్లగాలి, యాక్సిలరేటర్ తొక్కగానే వెచ్చటి గాలి వస్తుంటే కూలెంట్ తగ్గిందనో, లోపల గాలి చిక్కుకుందనో, కొంత అరుదుగా వాటర్ పంప్ రెక్కలు అరిగాయనో అనుమానించాలి.

ఇది మూసి ఉన్న వ్యవస్థ కాబట్టి కూలెంట్ ఊరికే తరిగిపోదు. నింపిన కొద్ది రోజులకే మళ్ళీ తగ్గితే లీకు ఉన్నట్టే. నేల మీద మంచు పరిచి ఉండడం ఈ విషయంలో మనకు మేలు చేస్తుంది. కారు తీశాక తెల్లటి మంచులో ఆకుపచ్చ, నారింజ, గులాబీ రంగు చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టాల చివర క్లాంపుల దగ్గర, వాటర్ పంప్ కింద ఎండిన తెల్లటి పొరలాంటి మరక కోసం టార్చి వేసి వెతకాలి. గట్టి చలిలో రబ్బరు బిగుసుకుపోయి, క్లాంపు దగ్గర రాత్రిపూట మాత్రమే కారి, ఇంజన్ వేడెక్కగానే ఆగిపోయే లీకులు కూడా ఉంటాయి. వాటిని పట్టుకోవాలంటే తెల్లవారుజామునే చూడాలి. కింద పడిన కూలెంట్‌ను తప్పకుండా తుడిచేయాలి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు నాకితే ప్రాణం పోతుంది.

మట్టం సరిగా ఉన్నా కూలెంట్ పలచబడి ఉండవచ్చు. సగం ఇథిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్, సగం నీళ్ళు కలిపిన కూలెంట్ సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. నీళ్ళు కలపని ఇథిలీన్ గ్లైకాల్ సుమారు మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది, పైగా వేడిని మోయడంలో నీటికి సాటి రాదు. ఎవరైనా వేసవిలో కుళాయి నీళ్ళు పోస్తూ నడిపిన కారు మీ చేతికి వచ్చి ఉంటే, చూడటానికి రంగు బాగానే ఉన్నా చిక్కదనం పోయి ఉంటుంది. కూలెంట్ చిక్కదనాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం అద్దం మీద రెండు చుక్కలు వేసి, మూత వాల్చి, వెలుతురు వైపు తిప్పి కంటికి ఆనించి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర గడ్డకట్టే ఉష్ణోగ్రత నేరుగా చదవవచ్చు. మీ ఊరి అత్యంత చలి రోజు కంటే ఆ అంకె బాగా కిందకు ఉండాలి. రంగు చూసి కూలెంట్ కొనకండి. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు అమ్ముతారు. కారు మాన్యువల్‌లో ఏ రకం రాసి ఉందో అదే పోయాలి.

ఇంజన్ నిజంగా వేడెక్కుతోందా

డ్యాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత ముల్లును పూర్తిగా నమ్మకూడదు. చాలా కార్లలో అసలు ఉష్ణోగ్రత ఎంతో కొంత అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే నిలబడేలా తయారీదారులు అమరుస్తారు. కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివి, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న ఓబీడీ స్కానర్ కొనుక్కోవడం నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే సార్థకమైన ఖర్చు, ఎందుకంటే అది కూలెంట్ ఉష్ణోగ్రతను అంకెల్లో చూపిస్తుంది. ఊళ్ళో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు 85 దాకా ఎక్కి, హైవే మీదికి రాగానే 60, 65కు జారిపోతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. స్కానర్ చూపే పి-0128 అనే లోపం కోడ్ కూడా ఇదే చెబుతుంది: కూలెంట్ థర్మోస్టాట్ నిలపాల్సిన ఉష్ణోగ్రతను చేరడం లేదని. అయితే కూలెంట్ తగ్గినా, సెన్సర్ పాడైనా అదే కోడ్ రావచ్చు కాబట్టి మట్టం చూడకుండా థర్మోస్టాట్ మార్చకండి.

స్కానర్ లేకపోయినా చేయగల పరీక్ష ఒకటుంది. చల్లటి ఇంజన్‌ను ఆరుబయట స్టార్ట్ చేసి, రేడియేటర్ పైగొట్టాన్ని మధ్య మధ్య ముట్టుకుని చూడాలి. థర్మోస్టాట్ బాగుంటే ఆ గొట్టం చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచీ కొద్దికొద్దిగా వెచ్చబడుతూ వస్తే థర్మోస్టాట్ మూసుకోవడం లేదన్నమాట. కొన్ని కార్లలో థర్మోస్టాట్ కిందిగొట్టం వైపు ఉంటుంది. ముందు మాన్యువల్ చూసుకోండి. బెల్టుకూ ఫ్యానుకూ దగ్గరగా చేతులు పోనివ్వకండి, మెడకు చుట్టుకున్న మఫ్లర్, శాలువా తీసేయండి. ఎలక్ట్రిక్ ఫ్యాను చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపడం ప్రాణాంతకం. సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోలేదని కూడా చూసుకోవాలి.

మన దగ్గర కొందరు మెకానిక్కులు ఎండాకాలంలో ఇంజన్ వేడెక్కుతోందని థర్మోస్టాట్‌నే తీసి పక్కన పడేస్తారు. అలా తీసేసిన బండి ఎండలో నడిచినట్టే కనిపించినా, మనాలీ, లేహ్ వైపు తీసుకెళ్తే హీటరూ రాదు, ఇంజనూ తన పని ఉష్ణోగ్రతకు చేరదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. థర్మోస్టాట్ చవకైన భాగం. దానికి ప్రత్యామ్నాయం మంచి థర్మోస్టాటే. రేడియేటర్ ముందు అట్టముక్క అడ్డం పెట్టడం ఊరు చేరడానికి పనికొస్తుందే తప్ప మరమ్మతు కాదు.

హీటర్ గొట్టాలు రెండూ చెప్పే సంగతి

ఇంజన్ బాగా వేడెక్కాక, హీటర్‌ను గరిష్ఠ వేడికి పెట్టి, వెనక గోడలోకి వెళ్ళే రెండు గొట్టాలనూ ముట్టుకోండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది, కానీ దాన్ని నల్లటి రబ్బరు మీదే చూపాలి. మెరిసే లోహం మీద తప్పు అంకె చూపిస్తుంది. రెండూ చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే కూలెంట్ కోర్ దాకా వచ్చి వెళ్తోంది, లోపం గాలి వైపు ఉంది. ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే కోర్ పూడుకుపోయి ఉండాలి, లేదా ఆ దారిలో వాల్వ్ ఉన్న కార్లలో అది మూసుకుపోయి ఉండాలి. రెండూ గోరువెచ్చగా ఉంటే మళ్ళీ మట్టం, లోపలి గాలి, పంప్, థర్మోస్టాట్ దగ్గరికే రావాలి.

పూడిన కోర్‌ను రెండు గొట్టాలూ ఊడదీసి, మామూలుగా కూలెంట్ పోయే దిక్కుకు ఎదురుగా తక్కువ ఒత్తిడితో నీళ్ళు పంపి కడగవచ్చు. మొదట తుప్పు రంగు బురద, తర్వాత తేట నీరు వస్తుంది. పాత కోర్ మీద కుళాయి పూర్తిగా తిప్పితే అది లోపలే పగులుతుంది, ఎన్నో కార్లలో దాన్ని మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. కడిగాక మిగిలిన నీళ్ళను కూలెంట్‌తో మార్చకుండా కారును బయట రాత్రి ఉంచకూడదు. లీకు ఆపుతామని అమ్మే పొడులను, ద్రవాలను నేను ఎవరికీ సిఫారసు చేయను, ఎందుకంటే అవి ముందుగా పూడ్చేది హీటర్ కోర్‌లోని సన్నని గొట్టాలనే.

గాలి వైపు లోపాలు తేలికైనవి. బ్లోవర్ గరిష్ఠ వేగంలో మాత్రమే తిరుగుతుంటే దాని వేగాన్ని తగ్గించే రెసిస్టర్ పోయి ఉండవచ్చు. గాలే తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ చూడాలి. వేడి పెంచినప్పుడల్లా డ్యాష్‌బోర్డు వెనక టిక్ టిక్ శబ్దం వస్తున్నా, డ్రైవర్ వైపు వెచ్చగా పక్క సీటు వైపు చల్లగా వస్తున్నా బ్లెండ్ డోర్‌ను తిప్పే చిన్న మోటారును అనుమానించాలి.

మైనస్ చలిలో ఇంజన్ వేడెక్కిపోతే

బయట అంతా గడ్డకట్టి ఉండగా ఇంజన్ మరిగిపోవడం వింతగా అనిపిస్తుంది, కానీ చలికాలంలో తరచుగా జరిగేదే. పలచటి కూలెంట్ రేడియేటర్‌లో రాత్రికి రాత్రి మంచు ముద్దలా మారుతుంది. పొద్దున ఇంజన్ స్టార్ట్ అవుతుంది, వేడెక్కుతుంది, థర్మోస్టాట్ తెరుచుకుంటుంది, అయినా రేడియేటర్‌లో దారి ఉండదు. ముల్లు పైకి పోతుంటే, రేడియేటర్ కిందిభాగం ముట్టుకుంటే మంచులా ఉంటుంది. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి రేడియేటర్, వాటర్ పంప్, ఒక్కోసారి ఇంజన్ బ్లాక్ కూడా పగలవచ్చు. ఈ స్థితిలో స్టార్ట్ చేయడమే తప్పు. కారును వెచ్చటి గ్యారేజీకి లాగించి, పూర్తిగా కరిగాక, లీకుల కోసం ఒత్తిడి పరీక్ష చేయించి, కూలెంట్ అంతా మార్పించాలి.

దారిలో ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే హీటర్‌ను, బ్లోవర్‌ను గరిష్ఠానికి పెట్టి, సురక్షితమైన చోట పక్కకు ఆపి ఇంజన్ ఆపేయాలి. ఇంజన్ మరుగుతుండగా హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే కూలెంట్ లేదనో, తిరగడం లేదనో అర్థం. ఒక్క మైలు కూడా నడపకండి. లీకు ఎక్కడా కనిపించకుండా కూలెంట్ తరిగిపోతూ, ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ బ్లాక్‌కూ దాని పైభాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ అనే సీలు పోయి ఉండవచ్చు. చలిలో మొదటి కొద్ది నిమిషాలు కనిపించే తెల్లటి ఆవిరి మామూలే, దానికి కంగారు పడనక్కర్లేదు. అద్దం లోపల జిడ్డు పొర, తియ్యటి వాసన, పక్క సీటు కింద తడిసిన కార్పెట్ ఈ మూడూ కలిసి కనిపిస్తే లీకు హీటర్ కోర్‌లోనే.

కూలెంట్ నింపాక గాలి తీయడం మరిచిపోకూడదు. ఎన్నో కార్లలో బాగుచేశాక కూడా హీటర్ రాకపోవడానికి కారణం మిగిలిపోయిన గాలే. చల్లటి ఇంజన్‌తో, కారు ముందుభాగం ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ గరిష్ఠానికి పెట్టి, మూత తీసి ఉంచి స్టార్ట్ చేయాలి. థర్మోస్టాట్ తెరుచుకునే దాకా బుడగలు వస్తుంటే కొద్దికొద్దిగా నింపుతూ, తర్వాత మూత బిగించాలి. గాలి తీసే స్క్రూ ఉన్న కార్లకు మాన్యువల్‌లోని పద్ధతే పాటించాలి. బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే అది గాస్కెట్ సంగతి కావచ్చు.

హైబ్రిడ్ కార్లలో ఇంజన్ తరచూ ఆగుతుంది, చాలావాటిలో కూలెంట్‌ను ఎలక్ట్రిక్ పంప్ తిప్పుతుంది, హై వోల్టేజి తీగలు పక్కనే ఉంటాయి. అందువల్ల మట్టం చూడడం వరకే మన పని. ఏ కారునైనా మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు హీటర్ రావడం లేదని మాత్రమే చెప్పకుండా, చల్లగా ఉన్నప్పటి మట్టం, రిఫ్రాక్టోమీటర్ చూపిన అంకె, హైవే మీద స్కానర్ చూపిన ఉష్ణోగ్రత, రెండు హీటర్ గొట్టాల వేడి రాసి ఇవ్వండి. పరీక్షకు పట్టే గంటల కూలీ తగ్గుతుంది, అవసరం లేని భాగం మార్చాలన్నప్పుడు ఎందుకని అడగడానికి మీ చేతిలో ఆధారమూ ఉంటుంది.