శిక్ష పడిన రోజు నుంచి 28 రోజులు

పోయినేడు ఒక సాయంత్రం మన కుర్రాడొకడు మా ఇంటికొచ్చాడు. సిడ్నీకొచ్చి ఏడాది కూడా కాలేదు. తాగి కారు నడిపిన కేసులో లోకల్ కోర్టు శిక్ష వేసింది. నాలుగు మడతలు పెట్టిన కోర్టు కాగితం జేబులోంచి తీశాడు. తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టాను. అప్పటికే 26 రోజులు! ఇంట్లో తెలిస్తే ఏమైపోతారోనన్న టెన్షన్‌తో ఎవరికీ చెప్పలేదట. దయచేసి మీరు అలా రోజులు పోగొట్టుకోకండి.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో లోకల్ కోర్టు వేసిన శిక్ష ఎక్కువనిపిస్తే 28 రోజుల్లోపు డిస్ట్రిక్ట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటినా, శిక్ష పడి మూడు నెలలు కాకపోతే అనుమతి అడగవచ్చు. ఇస్తారన్న గ్యారంటీ మాత్రం లేదు. వేరే రాష్ట్రాల్లో నియమాలు వేరు, అక్కడివే కనుక్కోండి.

ఈ అప్పీల్లో మేజిస్ట్రేట్ తప్పు చేశారని నిరూపించనక్కర్లేదు. జడ్జి శిక్షను మళ్లీ మొదటి నుంచి ఆలోచిస్తారు, కొత్త కాగితాలూ చూస్తారు. అందుకే ఆ కాగితాలు శ్రద్ధగా తయారుచేసుకోవాలి. మావాడి మేనేజర్ ఇచ్చిన లెటర్లో 'మంచి కుర్రాడు' అని ఉందేగానీ కేసు ఊసే లేదు. రాసినవారికి నేరం సంగతి తెలుసని లెటర్లో కనపడకపోతే దానికి విలువుండదు. మళ్లీ రాయించాం. క్షమాపణ లేఖ కూడా నెట్‌లో దొరికింది దించకుండా తన మాటల్లోనే రాయమన్నాను.

శిక్ష పెరిగే అవకాశమూ ఉంది. జడ్జికి ఆ ఆలోచన ఉంటే ముందే హెచ్చరిస్తారు, అప్పుడు అప్పీలు వెనక్కి తీసుకోవచ్చు. ఇక అప్పీలు వేశాం కదా అని కారు తాళాలు అందుకోకండి. సాధారణంగా శిక్ష అమలు ఆగుతుంది గానీ, పోలీసులు అక్కడికక్కడే లైసెన్స్ సస్పెండ్ చేసి ఉంటే సంగతి వేరు, అప్పుడు నడపకూడదు. జైల్లో ఉన్నవారు బయటికి రావాలంటే బెయిల్ విడిగా అడగాలి.

పెద్ద కేసుల్లో డిస్ట్రిక్ట్ కోర్టో రాష్ట్ర సుప్రీం కోర్టో వేసిన శిక్ష మీద కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అప్పీల్‌కు వెళ్లాలి. అక్కడ ముందు అనుమతి కావాలి, కింది కోర్టు ఎక్కడ పొరపాటు చేసిందో చూపించాలి. లాయరు లేకుండా అటు వెళ్లొద్దు.

వీసా మీద ఉన్నవారు ఒకటి గుర్తుపెట్టుకోండి. 12 నెలలు లేదా అంతకుమించి జైలు శిక్ష పడితే మైగ్రేషన్ చట్టం 501వ సెక్షన్ కింద వీసాకే ముప్పు. క్రిమినల్ లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరునీ కలవండి.

డబ్బు లేదని ఆగిపోకండి. న్యాయ సమాచారం ఇచ్చే లా యాక్సెస్ అనే సర్వీసు నంబరు 1300 888 529, ఉచితంగా దారి చెబుతారు. ఇంగ్లీషులో ఇబ్బందైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగండి. మావాడు మర్నాడే, అంటే 27వ రోజున, కోర్టు కౌంటర్లో ఫారం ఇచ్చాడు. ముద్ర వేసిన కాపీ అడిగి తీసుకోమన్నాను, మీరూ తీసుకోండి.