బ్రెగ్జిట్ రాజీనామాల వార్తలు అర్థం చేసుకోవడం ఎలా?

బ్రెగ్జిట్ అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటకు రావడం. దాని మీద 2018 నాటి బ్రిటన్ వార్తలు ఇప్పుడు చదివితే ఏ మంత్రి ఎందుకు తప్పుకున్నారో తెలియక తల తిరుగుతుంది, అందుకే ముందు తేదీలు వరసగా రాసుకోండి. జులై 6న ప్రధాని విడిది గృహం చెకర్స్‌లో థెరిసా మే తన బ్రెగ్జిట్ ప్రణాళికకు కేబినెట్‌ను ఒప్పించారు, 8న బ్రెగ్జిట్ మంత్రి డేవిడ్ డేవిస్, మర్నాడే విదేశాంగ మంత్రి బోరిస్ జాన్సన్ రాజీనామా చేశారు. గొడవంతా యూరోపియన్ యూనియన్ నిబంధనలకు ఎంత దగ్గరగా ఉండాలన్నదాని మీదే అని అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత రాజీనామా లేఖలు చదవండి, ఇది మాత్రం అస్సలు వదలొద్దు. డేవిస్ తర్వాత బ్రెగ్జిట్ మంత్రి అయి నవంబర్ 15న వైదొలగిన డొమినిక్ రాబ్, యూరోపియన్ యూనియన్‌తో మే కుదుర్చుకున్న ఒప్పందంలోని ఉత్తర ఐర్లాండ్ ఏర్పాట్లనే తప్పుపట్టారు, నా దృష్టిలో అసలు ముడి అక్కడే ఉంది.

ఇక ఓట్ల లెక్క. అప్పట్లో మే పార్టీ అయిన కన్జర్వేటివ్ ఎంపీల్లో 15 శాతం, అంటే 48 మంది లేఖలిస్తే నాయకత్వంపై ఓటింగ్ తప్పదు. డిసెంబర్ 12న మే 200-117తో గట్టెక్కారు. కానీ 2019 జనవరి 15న పార్లమెంటులో ఆమె ఒప్పందం 432-202తో ఓడింది, వ్యతిరేకించినవాళ్లలో 118 మంది సొంత పార్టీవాళ్లే. ఆ 117నీ ఈ 118నీ పక్కపక్కన పెట్టి చూడండి, సొంత పార్టీలో ఎదురు తిరిగినవాళ్ల సంఖ్య రెండుసార్లూ దాదాపు అంతే.