ఫైటర్ జెట్లు లేని ఎయిర్ ఫోర్స్‌ని ఫాలో అవ్వడం ఎలా: ఐర్లాండ్ ఎయిర్ కోర్

మిలిటరీ విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు ఏ దేశం పేరెత్తినా ముందు అడిగేది ఫైటర్లు ఎన్ని అనే. ఐర్లాండ్‌కి ఆ జవాబు సున్నా, 1990ల చివర్లో ఫూగా మజిస్టర్ అనే చిన్న జెట్లు రిటైర్ అయ్యాక మళ్ళీ ఫైటర్ జెట్ అనేదే కొనలేదు, దాంతో చాలామంది ఇక ఇందులో చూడ్డానికేముంది అని వదిలేస్తారు. నన్నడిగితే ఈ హాబీ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి దేశం లేదు. ఎందుకంటే ఇక్కడ ఉన్న ప్రతి విమానాన్నీ నంబర్‌తో సహా గుర్తుపట్టే స్థాయికి ఎవరైనా చేరుకోవచ్చు, పెద్ద దేశాల విషయంలో అది జీవితంలో అయ్యే పని కాదు. డబ్లిన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కదా, పైన ఏదో హెలికాప్టర్ వెళ్తుంటే ఏంటో తెలియక ఊరుకునే వాళ్ళకోసం ముఖ్యంగా ఇది రాస్తున్నా.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఎక్సెల్ షీట్ అయినా సరే. ఐర్లాండ్ ఎయిర్ ఫోర్స్‌ని ఎయిర్ కోర్ అంటారు, దాని విమానాల మీద మూడంకెల నంబర్ ఉంటుంది, అది సర్వీసులోకి వచ్చిన వరసలో ఇస్తూ పోతారు కాబట్టి నంబర్ చూస్తే ఏ కాలం విమానమో అంచనాకి వస్తుంది. సీఎన్235 గస్తీ విమానాలు 252, 253, అవి 1994లో వచ్చాయి. పీసీ-9ఎం ట్రైనర్లు 2004లో ఎనిమిది వచ్చాయి, 260 నుంచి 267 దాకా. ఏడబ్ల్యూ139 హెలికాప్టర్లు ఆరు, 274 నుంచి 279. పీసీ-12 అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు 280 నుంచి మొదలవుతాయి, కొత్త సీ295 గస్తీ విమానాలు 284, 285.

నంబర్ల మధ్యలో ఖాళీ కనిపిస్తే దాటెయ్యకండి, అది ఎందుకు ఖాళీ అయిందో వెతకండి. 265 ఇప్పుడు కనపడదు, 2009 అక్టోబర్‌లో గాల్వే కౌంటీలో కూలిపోయింది, ఇన్‌స్ట్రక్టర్, కేడెట్ ఇద్దరూ చనిపోయారు. 248 డాఫిన్ హెలికాప్టర్ కూడా అంతే, 1999 జులైలో రెస్క్యూ పనికి వెళ్ళి తిరిగొస్తూ ట్రామోర్ దగ్గర ఇసుక దిబ్బల్లో కూలి నలుగురు సిబ్బందీ పోయారు. మీ షీట్‌లో ఆ రెండు వరసలు తీసెయ్యకుండా తేదీతో సహా ఉంచండి, దయచేసి.

ఇక గుర్తుపట్టడం. హెలికాప్టర్లతో మొదలుపెట్టండి, అవే ఎక్కువ కనిపిస్తాయి. కింద చక్రాల బదులు రెండు గొట్టాల్లాంటి స్కిడ్లు ఉండి, తోక ఫ్యాన్ ఒక రింగులో దాగి ఉంటే ఈసీ135. కొంచెం పెద్దగా, పైన అయిదు బ్లేడ్లతో, చక్రాలు లోపలికి ముడుచుకునేదైతే ఏడబ్ల్యూ139. అయితే ఈసీ135 అని తేలగానే ఎయిర్ కోర్ అని రాసేసుకోవద్దు, గార్డా అంటే ఇక్కడి పోలీసులు, వాళ్ళ హెలికాప్టర్లు కూడా అదే మోడల్, నడిపే పైలట్లు మాత్రం ఎయిర్ కోర్ వాళ్ళే, అందుకే రంగు చూడాలి. ఎరుపు తెలుపు రంగుల్లో సముద్రం వైపు వెళ్ళేవి కోస్ట్ గార్డ్‌వి, వాటిని కాంట్రాక్ట్ మీద ప్రైవేట్ కంపెనీ నడుపుతుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

సీఎన్235, సీ295 రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి, దూరం నుంచి చూస్తే పట్టుకోవడం కష్టం, కానీ ప్రొపెల్లర్ బ్లేడ్లు లెక్కపెడితే చాలు, నాలుగైతే పాత 235, ఆరైతే 295. ఫోటోలో బ్లేడ్లు తిరుగుతూ మసగ్గా వస్తే రెక్క చివర చూడండి, పైకి వంగి ఉంటే 295. హైదరాబాద్ వాళ్ళకి ఈ సీ295తో సంబంధం ఉంది, మన ఎయిర్ ఫోర్స్ 56 ఆర్డర్ చేసింది కదా, వడోదరలో అసెంబుల్ అయ్యే వాటికి భాగాలు టాటా వాళ్ళు హైదరాబాద్‌లో తయారుచేస్తున్నారు. పీసీ-9ఎం కూడా మనకి కొత్త ముఖం కాదు, 2013 నుంచి దుండిగల్ అకాడమీలో ఎగురుతున్న పీసీ-7 మార్క్ 2కి దగ్గరి చుట్టం, రెండూ స్విట్జర్లాండ్ పిలాటస్ కంపెనీవే. అంతెందుకు, ఐర్లాండ్ 1963 నుంచి 2007 దాకా వాడిన అలూయెట్ 3 హెలికాప్టర్ మన హెచ్ఏఎల్ తయారుచేసిన చేతక్కే.

మోడల్ తెలిశాక ప్రతి విమానం పక్కన దాని పని రాయండి, నా దృష్టిలో అసలు మజా ఇక్కడుంది. ఐర్లాండ్ నేల చిన్నది గానీ చూసుకోవాల్సిన సముద్రం దానికి ఎన్నో రెట్లు, కాబట్టి గస్తీ విమానాలే ఈ ఫోర్స్‌కి ప్రాణం. ఏడబ్ల్యూ139 ఒకటి ఆత్లోన్ బ్యారక్స్ నుంచి 2012 నుంచి అంబులెన్స్ డ్యూటీ చేస్తోంది, దాని కాల్‌సైన్ ఎయిర్ కోర్ 112. 2023 సెప్టెంబర్‌లో ఎంవీ మాథ్యూ అనే ఓడ మీద 2.2 టన్నులకి పైగా కొకైన్ పట్టుకున్నప్పుడు ఆర్మీ రేంజర్లు తాళ్ళతో డెక్ మీదకి దిగింది కూడా ఏడబ్ల్యూ139 నుంచే. 2020లో పీసీ-12 కోవిడ్ శాంపిల్స్‌ని జర్మనీ ల్యాబ్‌కి మోసింది. ఇవన్నీ రాసుకుంటూ పోతే ఫైటర్ల లెక్క దానంతట అదే వెనక్కి పోతుంది.

చరిత్ర కూడా కాస్త చదవండి, ఎక్కువ అక్కర్లేదు. మొదటి విమానం మార్టిన్‌సైడ్, 1921లో లండన్‌లో బ్రిటన్‌తో ఒప్పందం చర్చలు చెడితే ఐర్లాండ్ స్వాతంత్ర్య నాయకుడు మైకెల్ కాలిన్స్‌ని అక్కణ్ణించి తప్పించడానికి గుట్టుగా కొన్నది, ఆ అవసరం రాలేదు, 1922లో అదే ఎయిర్ సర్వీస్‌కి (ఎయిర్ కోర్ పాత పేరు) మొదటి విమానం అయింది. 1928 ఏప్రిల్ 12న బ్రెమెన్ అనే విమానం డబ్లిన్ దగ్గరి బాల్డొనెల్ ఎయిర్‌ఫీల్డ్ నుంచే లేచి అట్లాంటిక్‌ని తూర్పు నుంచి పడమరకి మొదటిసారి ఆగకుండా దాటింది, అందులో ఇద్దరు జర్మన్లతో పాటు ఎయిర్ కోర్ కమాండెంట్ ఫిట్జ్‌మారిస్ ఉన్నాడు.

ఆ బాల్డొనెల్లే ఇప్పటికీ మెయిన్ బేస్, కేస్‌మెంట్ ఏరోడ్రోమ్ అంటారు, డబ్లిన్‌కి నైరుతిగా ఎన్7 రోడ్డు పక్కన. అది మిలిటరీ బేస్, గేటు దగ్గర నిలబడి కెమెరా తియ్యకండి, ఎన్7 మీద కారు ఆపే ఆలోచన అసలే వద్దు. ఈస్టర్ ఆదివారం ఓకానెల్ స్ట్రీట్‌లో జీపీఓ దగ్గర జరిగే వేడుకకి వెళ్తే పీసీ-9లు తల మీదుగా వెళ్తాయి, మొదటి ఫోటోకి అది మంచి చోటు.

ఫోన్‌లో ట్రాకర్ యాప్‌లు వాడేవాళ్ళకి ఒక మాట, ప్రతి విమానం సిగ్నల్‌లో పంపే గుర్తింపు కోడ్‌ని హెక్స్ కోడ్ అంటారు, ఐర్లాండ్ విమానాలకి అది 4సీఏతో మొదలవుతుంది, కానీ అదొక్కటే ఫిల్టర్ పెడితే అక్కడ రిజిస్టర్ అయిన ప్యాసింజర్ విమానాలన్నీ వచ్చి స్క్రీన్ నిండిపోతుంది, కాబట్టి మీ నోట్‌బుక్‌లో ఉన్న విమానాల కోడ్లు విడివిడిగా సేవ్ చేసుకోండి. అంబులెన్స్ హెలికాప్టర్ ఎక్కడ దిగిందో లైవ్‌గా పోస్ట్ చెయ్యొద్దు, అక్కడ ఎవరో మనిషి ప్రాణం మీదకి వచ్చి ఉంటుంది. మిలిటరీ ఆపరేషన్ నడుస్తున్నట్టు అనిపించినా అంతే, అది అయిపోయి వార్తల్లో వచ్చాక పెట్టుకోండి, మీ ఫోటో విలువేం తగ్గదు.

చివరిగా వార్తలు చదివే పద్ధతి. 2022లో డిఫెన్స్ ఫోర్సెస్ మీద కమిషన్ రిపోర్ట్ రక్షణ బలం ఎంత పెంచాలో మూడు లెవెల్స్‌గా చెప్పింది, ప్రభుత్వం రెండోది ఒప్పుకుంది, ఫైటర్ జెట్లు ఉన్నది మూడోదాంట్లో. కాబట్టి ఐర్లాండ్ ఫైటర్లు కొనేస్తోంది అని హెడ్డింగ్ కనిపిస్తే ముందు కాంట్రాక్ట్ మీద సంతకం అయిందా లేదా చూడండి. సీ295 కాంట్రాక్ట్ 2019 చివర్లో అయితే విమానం బాల్డొనెల్‌లో దిగింది 2023లో. అందుకే మీ షీట్‌లో ప్రకటన, కాంట్రాక్ట్, డెలివరీ అని మూడు తేదీలకి మూడు కాలమ్స్ పెట్టి, మూడోది నిండాకే ఆ విమానాన్ని ఫ్లీట్ లెక్కలో కలపండి.