పనిచేసే చోట లైంగిక వేధింపులపై కంప్లైంట్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

మొదట తేదీ. చివరిసారి వేధించిన రోజు నుంచి 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. సరైన కారణం ఉంటే ఫిర్యాదు విచారించే కమిటీ ఇంకో 3 నెలలు ఇవ్వొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఎవరికి? 10 మంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని ఈ వేధింపుల మీద తెచ్చిన 2013 చట్టం చెబుతోంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర నలుగురు పనిచేసే బట్టల షాపులో అది ఎక్కడుంటుంది? అలాంటప్పుడు, లేదా వేధించింది ఓనరే అయితే, జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. కలెక్టరేట్‌లో అడగండి.

ఫోన్ జాగ్రత్త. కోపంలో ఏదీ డిలీట్ చేయొద్దు. నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. నాకు తెలిసిన ఒకమ్మాయి, ఇంట్లోవాళ్లు చూస్తారని చాట్ అంతా తుడిచేసింది. చివరికి ఆమెకు మిగిలింది పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్న ముక్కే: "సాయంత్రం 6:40, స్టాక్ రూమ్, చెయ్యి పట్టుకున్నాడు. బయట ఊడ్చే అక్క చూసింది." మీరూ అలాగే రాసుకోండి, ఏ రోజుది ఆ రోజే.

ఫిర్యాదు 6 కాపీలు, సాక్షుల పేర్లు, అడ్రస్‌లు. ఇంకో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకుని ఇంట్లో పెట్టుకోండి. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత కమిటీదే.

విచారణ జరిగేటప్పుడు అతని కిందే పనిచేయాలా అని టెన్షన్ ఉంటే బదిలీ గానీ, 3 నెలల దాకా సెలవు గానీ రాతలో అడగండి. ఇది మీ మామూలు సెలవుల్లో కోయరు.

"రుజువు కాకపోతే నీమీదే కేసు" అని బెదిరిస్తారు, ఆ మాట పట్టించుకోకండి. రుజువు చేయలేకపోయినంత మాత్రాన శిక్ష లేదు. పోలీసు కేసు దారి వేరే ఉంది, అది కూడా పెట్టొచ్చు. సలహాకు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.